పాత బండికి కొత్త చల్లదనం

ఏటా వేసవికి ముందు గ్యాస్ కొట్టించడం, రోహిణి కార్తె వచ్చేసరికి మళ్లీ వేడిగాలి... పాత కార్లు ఉంచుకున్నవాళ్లలో చాలామందికి ఇదే వరస. తప్పు బండిది కాదు, పని జరిగే తీరుది. పాతికేళ్లు దాటిన కారు ఏసీని ఆర్-12 గ్యాస్ నుంచి ఆర్-134ఎకు మార్చాలంటే ఏమేం చేయాలి, ఏ వరసలో చేయాలి, అసలెందుకు చేయాలి?

"గ్యాస్ అయిపోయింది సార్. కొట్టిస్తే సరిపోద్ది."

మార్చి నెల వచ్చిందంటే ఏ ఊరి ఏసీ మెకానిక్ షెడ్డులోనైనా వినిపించే మాట ఇది. బండి మారుతీ 800 కావచ్చు, జెన్ కావచ్చు, ఎస్టీమ్, సియెలో, ప్రీమియర్ 118 ఎన్‌ఈ, కాంటెస్సా ఏదైనా కావచ్చు. గంటలో పని అయిపోతుంది. వెంట్‌లోంచి చల్లటి గాలి తగలగానే ఓనర్ సంతోషంగా డబ్బిచ్చి వెళ్తాడు. రెండు నెలలు తిరక్కుండానే అదే షెడ్డు, అదే మాట.

నిజానికి కారు ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. పెట్రోలు మండిపోతుంది, ఇంజిన్ ఆయిల్ పాడవుతుంది. ఏసీ గ్యాస్ మాత్రం మూసిన గొట్టాల్లో అలా తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోతోందన్నమాట. ఆ చోటు పట్టుకోకుండా కొత్తది ఎక్కించడమంటే దాన్నీ గాల్లో కలపడమే. ఇక 2000కు ముందు తయారైన చాలా బండ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. వాటిని ఏ గ్యాస్ కోసం తయారుచేశారో ఆ గ్యాస్ ఇప్పుడు ప్రపంచంలో తయారు కావడం లేదు. అందుకే పాత బండి ఏసీని బతికించాలంటే రెండు పనులు కలిపి చేయాలి: ఒకటి లీకేజీ కట్టడం, రెండోది మొత్తం వ్యవస్థను కొత్త గ్యాస్‌కు సిద్ధం చేయడం. గ్యాస్ ఎక్కించడం వీటన్నిటి తర్వాత వచ్చే చివరి అంకం.

చల్లదనం ఎక్కడ పుడుతుంది?

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనందరికీ తెలుసు. కుండ పైకి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. కారు ఏసీ చేసేదీ ఇదే. కాకపోతే ఆవిరైనదాన్ని వదిలేయకుండా పట్టి, మళ్లీ ద్రవంగా మార్చి, తిప్పి వాడుకుంటుంది.

ఇందులో నాలుగు మజిలీలు ఉన్నాయి. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి, బాగా వేడెక్కిన స్థితిలో కండెన్సర్‌కు పంపుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి వదిలి గ్యాస్‌ను ద్రవంగా మారుస్తుంది. ఆ ద్రవం డ్రయర్ గుండా వెళ్తూ తేమను, చెత్తను వదిలించుకుని ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారి దగ్గరికి చేరుతుంది. అది దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో ద్రవం మరిగి ఆవిరవుతుంది. అలా మరగడానికి కావలసిన వేడిని క్యాబిన్ గాలి నుంచే తీసుకుంటుంది. మన ముఖానికి తగిలే చల్లదనం అదే.

ఈ దారి పొడవునా గ్యాస్‌తో పాటు కొద్దిగా ఆయిల్ కూడా ప్రయాణిస్తుంది. కంప్రెసర్ లోపలి భాగాలు అరిగిపోకుండా కాపాడేది ఆ ఆయిలే. గ్యాస్ మార్పిడిలో చాలా బండ్లు దెబ్బతినేది ఈ ఆయిల్ సంగతి మరిచిపోవడం వల్లే.

ఒక గ్యాస్ ప్రస్థానం

1920ల దాకా ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అన్నీ ప్రమాదకరమైనవే. లీకైతే ఇంట్లోవాళ్ల ప్రాణాల మీదికి వచ్చేది. విషం కాని, మంట అంటుకోని పదార్థం కోసం వెతికిన అమెరికా ఇంజనీరు థామస్ మిడ్‌గ్లీ బృందం కనిపెట్టిన క్లోరోఫ్లోరోకార్బన్లలో ముఖ్యమైనది ఆర్-12. అది ఫ్రియాన్ అన్న పేరుతో లోకమంతటా చేరింది. 1930లో అమెరికా రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్‌గ్లీ ఆ గ్యాస్‌ను స్వయంగా గుండెల నిండా పీల్చి, దాన్నే కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేసి చూపించాడు. మనిషికి హాని లేదు, మంటకు అంటుకోదు అని ఒకే ఊపిరితో రుజువు చేశాడు. మరో పదేళ్లకు, 1940 మోడల్‌తో, ప్యాకార్డ్ కంపెనీ ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కార్లు అమ్మడం మొదలుపెట్టింది.

ఆ గ్యాస్‌లోని సుగుణమే చివరికి శాపమైంది. ఆర్-12 దేనితోనూ చర్య జరపదు, తేలిగ్గా విరిగిపోదు. గాల్లోకి పోతే దాదాపు వందేళ్లు అలాగే ఉంటుంది. మెల్లగా ఆకాశంలో పైపొరలకు చేరాక అతినీలలోహిత కిరణాల దెబ్బకు విరిగి క్లోరిన్‌ను వదులుతుంది. ఆ క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది. ఈ ప్రమాదాన్ని మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలండ్ 1974లోనే చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిపోయిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొలిచి చూపడంతో ప్రపంచం మేల్కొంది. ఓజోన్‌ను దెబ్బతీసే ఇలాంటి పదార్థాలను కట్టడి చేయడానికి 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఏటా ఆ తేదీన ఓజోన్ దినోత్సవం జరుపుకొనేది అందుకే. మొలీనా, రోలండ్‌లకు పాల్ క్రట్జెన్‌తో కలిపి 1995లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనదేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. ఓజోన్‌ను దెబ్బతీసే పదార్థాల నియంత్రణకు 2000లో నిబంధనలు వచ్చాయి. గడువు 2010 దాకా ఉన్నా, ఆస్తమా ఇన్‌హేలర్ల అవసరాన్ని మినహాయించి, 2008 ఆగస్టుకే మన కంపెనీలు ఈ గ్యాస్‌ల తయారీ ఆపేశాయి. కార్లలో ఆర్-12 స్థానంలోకి క్లోరిన్ లేని ఆర్-134ఎ వచ్చింది. అమెరికాలో 1994 మోడల్ నాటికే మార్పు పూర్తయితే, మన దగ్గర 1990ల ద్వితీయార్ధంలో కంపెనీ తర్వాత కంపెనీ మారుతూ వచ్చింది. కాబట్టి ఈరోజు ఎవరైనా 'అసలైన ఆర్-12 ఉంది' అంటే అది ఏళ్ల కిందటి నిల్వ అయినా కావాలి, మరో యంత్రం నుంచి తీసి శుద్ధి చేసిందైనా కావాలి, లేదంటే నకిలీ.

ఒకటి తీసి ఇంకోటి పోస్తే కుదరదా?

కుదరదు. కారణాలు నాలుగు.

మొదటిది ఆయిల్. ఆర్-12 బండ్లలో ఉండేది మినరల్ ఆయిల్. ఆర్-12 దాన్ని తనలో కలుపుకుని వ్యవస్థంతా తిప్పుతుంది. ఆర్-134ఎలో మినరల్ ఆయిల్ కలవదు. అడుగున, మూలల్లో పేరుకుపోతుంది, కంప్రెసర్‌కు తిరిగి రాదు. కొన్నాళ్లు బాగానే నడిచినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత కంప్రెసర్ లోపల పొడిగా రాసుకుని, అరిగి, ఒకరోజు బిగుసుకుపోతుంది. దాని నుంచి రాలిన లోహపు పొడి కండెన్సర్ దాకా పాకుతుంది. కొత్త గ్యాస్‌కు పాగ్ ఆయిల్ గానీ ఎస్టర్ ఆయిల్ గానీ కావాలి. మార్పిడి చేసే పాత బండ్లకు ఎస్టరే మేలు. లోపల కొద్దిగా మిగిలిపోయిన మినరల్ ఆయిల్‌ను, ఆర్-12 వదిలిన క్లోరిన్ జాడలను అది తట్టుకుంటుంది. పాగ్ ఆయిల్ ఆ క్లోరిన్‌కు చెడిపోతుంది. రెండు ఆయిళ్లూ గాల్లోని తేమను ఇట్టే పీల్చుకుంటాయి కాబట్టి మూత తీసి పక్కన పెట్టిన డబ్బాలోంచి పోయడం ఏ బండికీ మంచిది కాదు.

రెండోది డ్రయర్. దాని లోపలి గింజలు తేమను పట్టి ఉంచుతాయి. ఆర్-12 కోసం చేసిన పాత రకం గింజలు కొత్త గ్యాస్, కొత్త ఆయిల్ ధాటికి నిలవవు. పైగా పాతికేళ్ల డ్రయర్ తేమతో ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. వ్యవస్థను విప్పిన ప్రతిసారీ కొత్త డ్రయర్ వేయాల్సిందే. దాన్ని కూడా అన్నీ బిగించాక ఆఖరున మూతలు తీసి వేయాలి.

మూడోది రబ్బరు. ఆర్-134ఎ అణువు ఆర్-12 కంటే చిన్నది. పాత రబ్బరు గొట్టాల గోడల్లోంచి సన్నగా ఊరిపోగలదు. కొత్త రకం గొట్టాల్లో దీన్ని ఆపడానికి లోపల నైలాన్ పొర ఉంటుంది. ఏళ్ల తరబడి ఆయిల్‌లో నానిన పాత గొట్టాలు పగుళ్లు లేకుండా ఉంటే కొంతవరకు పనికొస్తాయి. పెళుసెక్కినవి మార్చాల్సిందే. జాయింట్ల దగ్గరుండే ఓ-రింగులు మాత్రం అన్నీ తీసేసి, కొత్త గ్యాస్‌కు సరిపోయే ఆకుపచ్చ రంగువి వేయడం మంచిది.

నాలుగోది ఒత్తిడి. ఇది మన ఎండలతో నేరుగా ముడిపడిన విషయం కాబట్టి తర్వాత వివరంగా చూద్దాం.

పని జరగాల్సిన వరస

మంచి మెకానిక్ ముందు చేతిలోకి తీసుకునేది గేజ్ కాదు, టార్చిలైటు. గ్యాస్ బయటికి పోయేటప్పుడు తనతో పాటు ఆయిల్‌ను కూడా తీసుకుపోతుంది. కాబట్టి జాయింటు దగ్గర నల్లటి జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే లీకు అక్కడే అనుకోవచ్చు. కంప్రెసర్ క్లచ్ వెనకాల చుట్టూ జిడ్డు చిమ్మి ఉంటే ముందున్న షాఫ్ట్ సీలు పోయినట్టు. గ్యాస్ ఎక్కించే పోర్టు మూత కింద తడిగా ఉంటే లోపలి చిన్న వాల్వు కారుతున్నట్టు. సైకిల్ ట్యూబు వాల్వంత ఉండే ఆ ముక్క ఖరీదు చాలా తక్కువ. ఏటేటా గ్యాస్ కొట్టించుకునే బండ్లలో కొన్నిటికి అసలు జబ్బు అదే కావచ్చు. ఇవేవీ కాకపోతే డ్యాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్‌ను చూడాలి. నీళ్లు కారే డ్రెయిన్ గొట్టం చివర జిడ్డు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఆ పనికి డ్యాష్‌బోర్డు విప్పాలి, రోజంతా పడుతుంది. అయినా తప్పించుకునే దారి లేదు.

లోపల పాత గ్యాస్ ఏమాత్రం మిగిలి ఉన్నా దాన్ని రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలి. పోర్టు నొక్కి 'స్స్' మని వదిలేయడం ఇంతకాలంగా అలవాటైపోయింది. అది ఎంత నష్టమో ముందుముందు లెక్క కట్టి చూద్దాం.

తర్వాత కంప్రెసర్‌ను దించి, తలకిందులు చేసి, పాత ఆయిల్‌ను ఒక గాజు గ్లాసులోకి వంచాలి. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో చూసుకోవాలి. ఆ ఆయిల్ బండి గతమంతా చెబుతుంది. తేనె రంగులో తేటగా ఉంటే కంప్రెసర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా మారి మాడు వాసన కొడితే లోపల వేడికి కాలినట్టు. వెలుతురుకు పట్టి చూస్తే వెండి రజనులా మెరుపులు కనిపిస్తే కంప్రెసర్ అరుగుతున్నట్టు. అలాంటి కంప్రెసర్‌కు కొత్త గ్యాస్ ఎక్కించడం వృథా.

గొట్టాలను, కూలింగ్ కాయిల్‌ను, పాత రకం ట్యూబు కండెన్సర్‌ను ఏసీ వ్యవస్థల కోసమే తయారైన ఫ్లష్ ద్రవంతో కడిగి, పొడి నైట్రోజన్‌తో ఊది ఆరబెట్టాలి. ఎక్స్‌పాన్షన్ వాల్వును కడగకూడదు, ముందే తీసి పక్కన పెట్టాలి లేదా కొత్తది వేయాలి. కంప్రెసర్‌ను కూడా ఫ్లష్ చేయకూడదు. పెట్రోలుతో కడగడం నిప్పుతో చెలగాటం. అది రబ్బరునూ పాడుచేస్తుంది.

ఇక కొత్త ఓ-రింగులకు ఎస్టర్ ఆయిల్ రాసి బిగించాలి. కంప్రెసర్‌లో తయారీదారు చెప్పిన కొలత ప్రకారం ఆయిల్ పోసి, చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. పాత పోర్టులకు మరలు ఉంటాయి. వాటి మీద ఆర్-134ఎ అడాప్టర్లు బిగించాలి. కొత్త పోర్టుల్లో తక్కువ ఒత్తిడి వైపుది 13, ఎక్కువ ఒత్తిడి వైపుది 16 మిల్లీమీటర్లు. ఒకదాని గొట్టం ఇంకోదానికి పట్టకూడదనే అలా వేర్వేరుగా చేశారు. అడాప్టర్ వేయడం షోకు కోసం కాదు. రేపు ఇంకో మెకానిక్ ఈ బండిలో పొరపాటున ఇంకో గ్యాస్ కలపకుండా అది కాపలా కాస్తుంది.

అన్నీ బిగించాక నైట్రోజన్ నింపి, జాయింటు జాయింటుకూ సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ గాలి ఇక్కడ పనికిరాదు. ఆ గాలిలో తేమ ఉంటుంది. పైగా ఒత్తిడిలో ఉన్న గాలి ఆర్-134ఎతో కలిస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఆక్సిజన్ సిలిండర్ తగిలించడమైతే ప్రాణాంతకం.

హైదరాబాద్‌లో 28, విజయవాడలో 30

తర్వాతి మెట్టు వాక్యూమ్. షెడ్డుల్లో ఎక్కువగా కోత పడేది ఈ పనికే. వాక్యూమ్ పంపు లోపలి గాలిని లాగేయడమే కాదు, తేమను కూడా ఆవిరి చేస్తుంది. ఒత్తిడి తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 30 డిగ్రీల పగటి వేడిలో లోపల మిగిలిన ఒత్తిడి పాదరసం లెక్కలో సుమారు ఒకటింపావు అంగుళానికి దిగితే, గొట్టాల్లో నక్కిన నీటి చుక్క దానంతటదే మరిగి ఆవిరై పంపులోకి వచ్చేస్తుంది. దీనికి సమయం పడుతుంది. అయిదు నిమిషాలు పంపు తిప్పి ఆపేస్తే గాలి పోతుంది గానీ తేమ పోదు. మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగడ్డగా మారి దారి మూస్తుంది, గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లమై లోపలి లోహాన్ని తింటుంది. కనీసం ముప్పావు గంట తిప్పాలి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ.

గేజ్ చదవడంలో ఓ సంగతి గుర్తుంచుకోవాలి. విజయవాడ, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల పూర్తి వాక్యూమ్‌కు ముల్లు దాదాపు 30 అంగుళాల దగ్గరికి చేరుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడే తక్కువ కాబట్టి ఎంత గొప్ప పంపు పెట్టినా ముల్లు 28 దాటి పోదు. అది లోపం కాదు. అదే 28 విజయవాడలో కనిపిస్తే మాత్రం లోపల ఇంకా గాలి ఉన్నట్టు. నమ్మదగిన పరీక్ష ఇంకోటి ఉంది. పంపు ఆపి, వాల్వులు మూసి, అరగంట ముల్లును గమనించాలి. కదలకపోతే బండి సిద్ధం. మెల్లగా వెనక్కి జారుతుంటే ఎక్కడో లీకు మిగిలింది, లేదా లోపల తేమ ఇంకా ఆవిరవుతోంది. గ్యాస్ డబ్బా అప్పుడు తెరవకూడదు.

కాటా మీద తూచి, కంటితో కాదు

పాత డ్రయర్ల నెత్తిన చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. ఆర్-12 రోజుల్లో అందులో బుడగలు కనిపించినంతసేపూ గ్యాస్ ఎక్కించి, తేటపడగానే ఆపేవారు. తరాల మెకానిక్‌లు అలాగే పని నేర్చుకున్నారు. ఆర్-134ఎకు ఆ కొలత పనికిరాదు. సరిపడా గ్యాస్ ఉన్నా అద్దంలో బుడగలు, తెల్లటి మసక కనిపిస్తూనే ఉండవచ్చు. అది తేటపడేదాకా ఎక్కిస్తే గ్యాస్ ఎక్కువైపోతుంది. ఎక్కువైన గ్యాస్ ఎక్కువ చల్లదనం ఇవ్వదు. ఒత్తిడి పెరిగి, కూలింగ్ తగ్గి, కంప్రెసర్ మూలుగుతుంది.

కొత్త గ్యాస్‌ను పాత కొలతలో 80 నుంచి 90 శాతం మాత్రమే ఎక్కించాలి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఆర్-12 800 గ్రాములని ఉంటే, ఆర్-134ఎ 640 నుంచి 720 గ్రాముల మధ్య సరిపోతుంది. డబ్బాను ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, తగ్గిన బరువు చూస్తూ ఎక్కించాలి. ఇంజిన్ నడుస్తుండగా తక్కువ ఒత్తిడి వైపు నుంచే, డబ్బాను నిటారుగా ఉంచి, ఆవిరి రూపంలోనే పంపాలి. ద్రవంగా వెళ్తే కంప్రెసర్ వాల్వులు విరుగుతాయి. ఎక్కువ ఒత్తిడి వైపు వాల్వును ఆ సమయంలో పొరపాటున తెరిచినా ఒత్తిడి డబ్బాలోకి ఎదురుతన్ని అది పేలిపోవచ్చు. ఇంట్లో సొంతంగా ప్రయత్నించేవాళ్లు ఈ పని జోలికి పోకపోవడమే మంచిదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

చివరగా బానెట్ కింద కొత్త స్టిక్కర్ అతికించాలి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్, ఏ తేదీ అన్నవి రాయాలి. అమెరికాలో మార్పిడి చేసిన ప్రతి బండికీ ఈ లేబుల్, కొత్త పోర్టులు తప్పనిసరి. అక్కడ డబ్బు తీసుకుని కారు ఏసీ పని చేసేవాళ్లకు శిక్షణ ధ్రువపత్రం కూడా ఉండాలి. మన దగ్గర అడిగేవాళ్లు లేరు కదా అని వదిలేయాల్సిన పని కాదిది.

రెంటచింతల ఎండకు నిలవాలంటే

ఇప్పుడు ఒత్తిడి సంగతి. 18 డిగ్రీల దగ్గర రెండు గ్యాస్‌ల ఒత్తిడీ ఇంచుమించు సమానం. వేడి పెరిగేకొద్దీ ఆర్-134ఎ ముందుకు దూకుతుంది. కండెన్సర్ లోపల 60 డిగ్రీలున్నప్పుడు ఆర్-12 సుమారు 207 పీఎస్ఐ చూపితే, ఆర్-134ఎ 229 చూపుతుంది. 70 డిగ్రీలకు వెళ్తే ఒకటి 255 దగ్గర, ఇంకోటి 290 దగ్గర ఉంటాయి. చల్లటి దేశాల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండికి అదే తేడా కూలింగ్‌కూ వేడిగాలికీ మధ్య గీత.

కాబట్టి మన దగ్గర మార్పిడి విజయం సగం కండెన్సర్ మీదే ఆధారపడి ఉంటుంది. పాత బండ్లలో వంపులు తిరిగిన ఒకే ట్యూబు కండెన్సర్లు ఎక్కువ. వాటి స్థానంలో అంతే కొలతలో సన్నటి చదును గొట్టాల ప్యారలల్ ఫ్లో కండెన్సర్ వేస్తే వేడిని చాలా బాగా వదులుతుంది. అంత ఖర్చు పెట్టలేకపోతే ముందు ఉన్నదాన్ని శుభ్రం చేయాలి. పురుగులు, బురద, ఎండు ఆకులు కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకుని ఉంటాయి. ముందు నుంచి చూస్తే కనిపించవు. రేడియేటర్ కాస్త జరిపి, తక్కువ ఒత్తిడి నీటితో రెక్కలు వంగకుండా కడగాలి. ముందు ఫ్యాన్ నిజంగా పూర్తి వేగంతో తిరుగుతోందా, గాలిని సరైన దిక్కుకే లాగుతోందా చూడాలి. ఒత్తిడి మరీ పెరిగితే కంప్రెసర్‌ను ఆపేసే ప్రెషర్ స్విచ్ లేని బండికి దాన్ని తప్పకుండా అమర్చాలి.

పని పూర్తయ్యాక పరీక్ష తేలిక. మధ్య వెంట్‌లో చిన్న థర్మామీటరు గుచ్చి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, బండిని రోడ్డు మీద పావుగంట నడపాలి. బయటి వేడి కంటే వెంట్ గాలి 20 డిగ్రీల మేర తగ్గితే పని చక్కగా జరిగినట్టే.

పేరు ఒకటి, సరుకు ఇంకోటి

మార్కెట్లో చవకగా దొరికే కొన్ని డబ్బాల గురించి హెచ్చరిక అవసరం. ఆయిల్ మార్చక్కర్లేదు, ఏమీ విప్పక్కర్లేదు, ఇది పోస్తే చాలంటూ అమ్మే గ్యాస్‌లలో ప్రొపేన్, బ్యూటేన్ కలిసినవి ఉంటాయి. చల్లదనం వాటితోనూ వస్తుంది. కానీ అవి మన వంటగ్యాస్ కుటుంబానివి. కూలింగ్ కాయిల్ ఉండేది క్యాబిన్ గాలి దారిలోనే. అక్కడ లీకైతే కారులో కూర్చున్నవాళ్ల మధ్యకే మండే గ్యాస్ చేరుతుంది. ఇళ్లలోని పాత ఏసీలకు వాడే ఆర్-22ను కార్లలో ఎక్కించడమూ ప్రమాదమే. 60 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి 330 పీఎస్ఐ దాటుతుంది. పాత కారు గొట్టాలు అంత భారానికి చేసినవి కావు.

ఆర్-134ఎ పేరుతోనే వచ్చే నకిలీలు ఇంకా ఘోరం. 2011లో ఓడల మీద సరుకు మోసే శీతల కంటైనర్ల కంప్రెసర్లు పేలి ముగ్గురు చనిపోయారు. నకిలీ గ్యాస్‌లో కలిసిన మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగిలితే చాలు భగ్గుమనే పదార్థంగా మారిందని తేలింది. కారు కండెన్సర్, కాయిల్ చాలామటుకు అల్యూమినియంవే. అందుకే సీలు చెక్కుచెదరని, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు ఉన్న డబ్బానే మన కళ్ల ముందు తెరిపించాలి.

ఒక్క 'స్స్' ఖరీదు

ఆర్-12 ఓజోన్‌ను తినడమే కాదు, భూమిని వేడెక్కించడంలోనూ దిట్ట. ఒక కిలో ఆర్-12 వందేళ్ల లెక్కలో 10,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ దాని లెక్క కూడా 1,430.

దీన్ని మన భాషలోకి దించుకుందాం. పాత బండిలోని 800 గ్రాముల ఆర్-12ను షెడ్డులో వదిలేస్తే సుమారు 8.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు వస్తుంది. అంటే దాదాపు 3,800 లీటర్ల పెట్రోలు కాల్చినంత. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు 56 వేల కిలోమీటర్లకు పైగా తిరిగితే జరిగే నష్టం ఒక్క నిమిషంలో జరిగిపోతుంది. లీకు కట్టకుండా ఏటా ఎక్కించే 700 గ్రాముల ఆర్-134ఎ కూడా తక్కువ తినదు. అది గాల్లో కలిసిన ప్రతిసారీ టన్ను కార్బన్ డయాక్సైడ్ పోయినట్టు. అదే బండి 6,500 కిలోమీటర్లు తిరిగినంత.

ఈ లెక్కల వల్లే ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఎను కూడా ఆపేశారు. అక్కడ ఇప్పుడు ఆర్-1234వైఎఫ్ నడుస్తోంది. 2016 నాటి కిగాలీ సవరణ ప్రకారం మనదేశం ఈ కోవ గ్యాస్‌ల వాడకాన్ని 2032 నుంచి అంచెలంచెలుగా తగ్గించుకుంటూ, 2047 నాటికి 85 శాతం కోత వేయాలి. ఆర్-134ఎ రేపటికి రేపు మాయమైపోదు. కానీ విచ్చలవిడిగా వాడే రోజులు మాత్రం దగ్గరపడుతున్నాయి. ఆశ కలిగించే కబురూ ఉంది. మాంట్రియల్ ఒప్పందం పుణ్యాన ఓజోన్ పొర కోలుకుంటోంది. ఇలాగే సాగితే ప్రపంచంలో చాలా భాగం మీద 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 నాటికి అది 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల అంచనా. దేశాలన్నీ ఒక్కమాట మీద నిలబడి సాధించిన ఈ ఫలితాన్ని షెడ్డుల్లో మనం చెడగొట్టకూడదు.

మెకానిక్‌ను అడగాల్సినవి

* పాత గ్యాస్‌ను రికవరీ యంత్రంతో తీస్తారా?
* లీకు ఎక్కడుందో చూపించి, నైట్రోజన్‌తో పరీక్షిస్తారా?
* కంప్రెసర్‌లోని పాత ఆయిల్ పూర్తిగా తీసి, ఎస్టర్ ఆయిల్ పోస్తారా?
* డ్రయర్, ఓ-రింగులు కొత్తవి వేస్తారా?
* వాక్యూమ్ కనీసం ముప్పావు గంట పెట్టి, అరగంట నిలుస్తుందో లేదో చూస్తారా?
* గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కిస్తారా?
* కొత్త పోర్టులు, స్టిక్కర్ వేస్తారా?

వీటిలో సగానికి 'అవసరం లేదండీ' అన్న జవాబొస్తే ఇంకో షెడ్డు చూసుకోవడం మంచిది. ఇలా మార్చిన ఏసీని వారానికోసారి, చలికాలంలో కూడా, పది నిమిషాలు నడపాలి. ఆయిల్ తిరిగి కంప్రెసర్ సీలు ఎండిపోకుండా ఉంటుంది.

చేయించడం దండగా?

కాదు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ ఉంటే అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. బాగున్న బండిని నిలబెట్టుకోవడం పొదుపు, గౌరవం కూడా. నాన్న కొన్న కారని, పెళ్లికి వచ్చిన కారని, ఇంజిన్ ఇంకా ఇనుములా ఉందని ఉంచుకున్నవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లే ఆ బండికి మన ఎండల్లో ఏసీ విలాసం కాదు. కానీ కంప్రెసర్ అరిగి, కాయిల్ చిల్లులు పడి, గొట్టాలు పెళుసెక్కి, అన్నీ ఒకేసారి మార్చాల్సివస్తే ఖర్చు బండి ఖరీదును మించవచ్చు. అప్పుడు నిజాయితీగా లెక్క వేసుకోవాలి. అలా వదిలేసుకున్నా, అందులో మిగిలిన పాత గ్యాస్‌ను భద్రంగా తీయించాకే తుక్కుకు పంపాలి.

బిల్లులో గ్యాస్ ధర చిన్న భాగమే. మనం డబ్బు కట్టాల్సింది మెకానిక్ ఓపికకు, సమయానికి. గంటలో అయిపోవాలని తొందరపెట్టేది మనమే అయినప్పుడు, వాక్యూమ్ సరిగా పెట్టలేదని అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. రెండు రోజులు బండి వదిలి, ఆ రెండు రోజుల కూలి బేరం లేకుండా ఇస్తే, పని వచ్చిన మెకానిక్‌లకు మన ఊళ్లలో కొదవ లేదు. వాళ్లకు లేనిది పరికరాలు, శిక్షణ. 2019లో కేంద్రం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ శిక్షణ మన ఆటోనగర్‌లలోని చిన్న షెడ్డుల గడప దాకా రావాలి. ప్రతి ఆటోనగర్‌లో అందరూ అద్దెకు తెచ్చుకునేలా ఒక రికవరీ యంత్రం ఉండాలి. అది పెద్ద ఖర్చు కాదు. మెకానిక్‌ల సంఘాలు, పురపాలక సంస్థలు చేయి కలిపితే ఒక్క వేసవిలో అయ్యే పని. పాత బండిని ప్రేమించేవాళ్లమంతా అడగాల్సింది దీన్నే.